ఎరువు తిండే అయితే మా ఊరి చెరువులో చేపలు ఎందుకు చచ్చాయి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీ చిన్నప్పుడు మీ ఊరి చెరువులో అడుగున నాచు మొక్కలు కనపడేవని, నాలుగైదేళ్లుగా నీళ్లు పెయింటు కలిపినట్టు పచ్చగా మారాయని, పోయిన నెల మూడు రోజులు ముసురు పట్టాక ఒక తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు తెల్లగా తేలాయని రాశావు. ఊళ్లో సగం మంది ఎవరో మందు కలిపారంటున్నారు, చెరువును వేలంపాటలో పాడుకున్నాయన పక్క ఊరి వాళ్ల మీద కేసు పెడతానంటున్నాడు. నీకేమో పొలాల నుంచి వచ్చే ఎరువుల నీళ్ల మీద అనుమానం. కానీ మీ నాన్నగారు అడిగిన మాట దగ్గర ఆగిపోయావు: "చేపల చెరువుల వాళ్లు కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ డబ్బులు పెట్టి కొని మరీ నీళ్లలో వేస్తారు కదరా, తిండి ఎక్కువైతే చేపలు చస్తాయా?"

చాలా మంచి ప్రశ్న అది. నేను పుట్టింది కొల్లేటి లంకలో, ఇరవై ఏళ్లకు పైగా కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల నీళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను. దీన్ని ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ముందు మందు సంగతి చూద్దాం, ఎందుకంటే ఊళ్లో గొడవ దాని మీదే ఉంది. ఆ రోజు చచ్చిన వాటిలో కొర్రమేను ఉందా? మార్పు చేప, ఇంగిలాయి ఉన్నాయా? నువ్వు పెట్టిన ఫొటోల్లో నాకు కనపడినవన్నీ బొచ్చెలు, శీలావతులు, ఒకటి రెండు ఎర్రమోసులు, అవి కూడా కిలో పైన తూగేవే. కొర్రమేను, మార్పు, ఇంగిలాయి ఈ మూడూ నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతకగలవు, సంతలో గంపలో పోసినా గంటల తరబడి కదులుతుండేది అందుకే. పురుగుమందు పడితే అవి కూడా పోతాయి, వాటితోపాటు రొయ్యలు, కప్పపిల్లలు, నీటి పురుగులు అన్నీ పోతాయి, పగలూ రాత్రీ తేడా ఉండదు. ఆక్సిజన్ పడిపోయినప్పుడు చావు దాదాపు ఎప్పుడూ తెల్లవారుజామునే, పెద్ద చేపలు ముందు పోతాయి, అంతకుముందే నోరు పైకి పెట్టి గుటకలు వేస్తూ గట్టు పక్కకు చేరతాయి. నువ్వు చెప్పిన వివరాలు ఈ రెండోదానికే సరిపోతున్నాయి. ఫొటోలు చూసి తీర్పు ఇవ్వలేం కానీ, పక్క ఊరి మీద కేసు పెట్టేముందు ఆయన్ని ఈ ఒక్క సంగతి ఆలోచించమని చెప్పు: చేపలు తేలిన మర్నాడు చెరువులో కొర్రమేను ఎవరి గాలానికైనా పడిందా?

ఇక నాన్నగారి మాట. ఎరువు తిండే, నిజమే, కానీ దాన్ని తినేది నాచు, అంటే నీళ్లలో తేలుతూ నీళ్లకు పచ్చరంగు తెచ్చే సన్నటి నాచు. నాచును తినేవి కంటికి ఆనీ ఆననంత చిన్న జీవులు, మనవాళ్లు ప్లాంక్టన్ పురుగులంటారే, డాఫ్నియా, మొయినా లాంటి నీటి ఈగలు. వాటిని బొచ్చెలు తింటాయి, పరిగెలు తింటాయి, అన్ని రకాల చేపపిల్లలూ తింటాయి. పరిగెల్ని కొర్రమేను, వాలుగ తింటాయి. వాటిని కొంగలు, నీటికాకులు, మనం. ఒక మెట్టు మీదున్న తిండిలో పై మెట్టుకు ఒంటికి పట్టేది సుమారుగా పదో వంతు, మిగతాది ఊపిరికీ కదలికకూ ఖర్చవుతుంది, లేదా తినకుండా మిగిలి అడుగుకు పోతుంది. ఎరువు కొంచెం పెరిగితే మెట్లన్నీ పెరుగుతాయి, చేప కూడా పెరుగుతుంది, నాన్నగారు చూసింది ఆ దశనే. ఒక హద్దు దాటాక మాత్రం కింది మెట్టు పెరుగుతూనే ఉంటుంది, రెండో మెట్టు దాన్ని తినలేక ఆగిపోతుంది. తినేవాడు లేని నాచు చస్తుంది, అడుగున కుళ్లుతుంది, అంటే చేప దాకా రావాల్సిన తిండి బ్యాక్టీరియాకు పోతుంది. ఆ బ్యాక్టీరియా దాన్ని అరిగించుకోవడానికి వాడేది కూడా చేప పీల్చే ఆక్సిజన్‌నే.

చేపల చెరువుల వాళ్లు ఆ హద్దు దగ్గర కత్తి మీద నడుస్తున్నట్టే నడుస్తారు. రోజూ నీళ్ల రంగు చూసుకుంటారు, రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు, రంగు చిక్కబడితే ఎరువు ఆపి నీళ్లు మారుస్తారు, ఏడాదికోసారి టన్నుల కొద్దీ చేపను బయటికి తీస్తారు కాబట్టి వేసిన ఎరువులో కొంత చేప రూపంలో బయటికి పోతుంది. అంత చేసినా ఒక్క ముసురు రాత్రికి చెరువు పోగొట్టుకున్న రైతులు నాకు ఎంతమందో తెలుసు. మీ ఊరి చెరువుకు ఆ కాపలా ఏమీ లేదు కదా.

ఎంత ఎరువుకు ఎంత నష్టం అనేది కాగితం మీద వేసి చూసుకుంటే నువ్వే ఆశ్చర్యపోతావు. డీఏపీ బస్తా మీద 18, 46 అని రాసి ఉంటుంది. ఆ 46 శాతం భాస్వరం ఆక్సైడు లెక్క, అసలు భాస్వరం చూస్తే 50 కిలోల బస్తాలో 10 కిలోలు. నీళ్లలో తేలే నాచు ఒంట్లో కర్బనం, నత్రజని, భాస్వరం అణువులు సగటున 106:16:1 పాళ్లలో ఉంటాయి, ఆల్‌ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త సముద్రం మీద కట్టిన లెక్క ఇది, చెరువుల్లో కొంచెం అటూ ఇటూ అయినా అంచనాకు పనికొస్తుంది. ఆ పాళ్ల ప్రకారం ఒక్క కిలో భాస్వరం నుంచి 100 కిలోల పైచిలుకు ఎండు నాచు పుట్టగలదు, పచ్చిగా తూస్తే ఇంకా ఎన్నో రెట్లు. ఆ నాచంతా కుళ్లిపోవడానికి సుమారు 140 కిలోల ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీల నీళ్లలో మామూలుగా కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. గుణించి చూడు, బస్తాలో పదో వంతు, ఆ ఒక్క కిలో భాస్వరం, మీటరు లోతున్న నాలుగున్నర ఎకరాల నీళ్లలోని ఆక్సిజన్ మొత్తాన్ని తినేయగలదు. నిజంగా అంతా ఒకే రోజు కుళ్లదు, గాలి నుంచి కొత్త ఆక్సిజన్ కూడా కలుస్తూ ఉంటుంది, కాబట్టి దీన్ని అక్షరాలా తీసుకోకు. మీ చెరువుకు ఎగువన వందల ఎకరాల పొలాలు ఉన్నాయి, ఊరి మురుగు కూడా అందులోకే వస్తోందని నువ్వే రాశావు, ఆ రెండిటి పక్కన పెట్టి చూసుకోవడానికి ఈ లెక్క.

రెండో మెట్టు తినలేక ఆగిపోతుందన్నాను కదా, అది ఎందుకో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాచులన్నీ ఒకటి కావు. తేట నీళ్లలో ఉండే చిన్న ఆకుపచ్చ నాచులు, డయాటమ్‌లు నీటి ఈగ నోటికి సరిపోతాయి, బలమైన తిండి కూడా. భాస్వరం పెరిగి నీళ్లు వేడిగా, కదలకుండా ఉంటే వాటిని తోసేసి నీలి ఆకుపచ్చ నాచులు వస్తాయి. పేరుకే నాచు, నిజానికి అవి బ్యాక్టీరియా. మైక్రోసిస్టిస్ అనేది జిగురు ముద్దలుగా పెరుగుతుంది, నీటి ఈగ నోటికి ఆ ముద్ద పట్టదు. కొన్ని దారాల్లాగా పెరిగి వాటి వడపోత కాళ్లకు చిక్కుకుంటాయి. పట్టినా ఒంటికి మంచిది కాదు, ఎదుగుదలకు కావాల్సిన కొవ్వులు వాటిలో తక్కువ, కొన్ని రకాల్లో విషం కూడా ఉంటుంది. పైగా వాటి కణాల్లో గాలి బుడగలు ఉంటాయి కాబట్టి పైకి తేలి ఎండంతా తామే తీసుకుంటాయి, కింద ఉన్న మంచి నాచుకు వెలుగు అందదు. పొద్దున్నే గాలివాటు గట్టున పచ్చరంగు పెయింటు ఒలకబోసినట్టు మీగడ కడుతోందని రాశావు చూడు, అది ఇదే అయి ఉంటుంది. అంటే మీ చెరువులో పచ్చదనం ఎంతో ఉంది, కానీ చేప దాకా చేరే తిండి చాలా తక్కువ.

ఆ చిక్కటి నాచు పగలు ఆక్సిజన్ బాగా వదులుతుంది, మధ్యాహ్నం మూడింటికి ఆక్సిజన్ మీటరు పెడితే రీడింగు అద్భుతంగా వస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. చీకటి పడ్డాక ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, అడుగున కుళ్లేది పీల్చుకుంటుంది, చేపలు పీల్చుకుంటాయి, తెల్లారే సరికి అడుగంటుతుంది. ఎండ కాసే రోజుల్లో పొద్దున్నే మళ్లీ కోలుకుంటుంది. మూడు రోజులు ముసురు పడితే పగలు తయారయ్యేది సరిపోదు, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు, పైగా వెలుగు చాలక కొంత నాచు చచ్చి కుళ్లడం మొదలవుతుంది. మూడో రాత్రికో నాలుగో రాత్రికో బొచ్చెకు ఊపిరి ఆడదు. దీనికి తోడు ఇంకో దెబ్బ ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. చిక్కటి నాచు పగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో నీళ్ల పులుపు, క్షారం కొలిచే పీహెచ్ 9 దాటిపోతుంది, అంటే నీళ్లు క్షారంగా మారతాయి. మురుగు నుంచి, చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు, అదే 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 9 అయితే సగానికి దగ్గరగా విషరూపంలోకి మారుతుంది. అప్పుడు చేపకు పగలు అమ్మోనియా, రాత్రి ఊపిరాడకపోవడం.

ఇప్పటిదాకా చెప్పింది ఆ ఒక్క రాత్రి గురించి. నాకు అసలు బాధ వేరే చోట ఉంది తమ్ముడూ. చేపలు తేలిన రోజు అందరూ గట్టు మీదికి వచ్చారు, కానీ చెరువు అంతకు ఎన్నో ఏళ్ల ముందే దెబ్బతిని ఉంటుంది, అప్పుడు ఎవరూ రాలేదు.

నువ్వే రాశావు, చిన్నప్పుడు అడుగున నాచు మొక్కలు కనపడేవని. వేళ్లతో మట్టిని పట్టుకుని నీళ్లలోపల పెరిగే ఆ మొక్కలే లోతు తక్కువ చెరువులకు ప్రాణం. పగటిపూట నీటి ఈగలు ఆ మొక్కల్లో దాక్కుంటాయి, లేకపోతే చేపలు వాటిని ఒక్కరోజులో ఊడ్చేస్తాయి. మొక్కల వేళ్లు బురద లేవకుండా పట్టి ఉంచుతాయి. ఆకుల మీద పేరుకునే పలుచటి జిగురు నాచును నత్తలు గీరి తింటూ శుభ్రం చేస్తుంటాయి. తూనీగ పిల్లలు, చిన్న రొయ్యలు, మట్టగిడస పిల్లలు అన్నిటికీ అదే ఇల్లు. ఎరువుల నీళ్లు పెరిగే కొద్దీ ముందు ఆ జిగురు నాచు నత్తలు గీరగలిగిన దానికంటే వేగంగా పెరుగుతుంది, దానిపైన నీళ్లలో తేలే నాచు పెరుగుతుంది, వెలుగు అందక మొక్క చస్తుంది. మొక్క పోగానే నీటి ఈగలకు దాక్కునే చోటు పోతుంది, బురద లేస్తుంది, నీళ్లు ఇంకా మసకబారతాయి, మిగిలిన మొక్కలూ పోతాయి. ఇది మెట్టు మెట్టుగా జరగదు, కొన్నేళ్లు ఏమీ కానట్టే ఉండి ఒకటి రెండు సీజన్లలో మొత్తం తిరగబడుతుంది. తిరగబడ్డాక ఎరువును పాత స్థాయికి తగ్గించినా చెరువు వెంటనే వెనక్కి రాదు, ఇంకా చాలా తగ్గించాలి.

అడుగున ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. గట్టు దగ్గర మోకాలి లోతులో ఒక దోసెడు బురద తీసి తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి కడుగు. తూనీగ పిల్లలు, రకరకాల నత్తలు, చిన్న రొయ్యలు కనపడితే చెరువుకు ఇంకా బలం ఉంది. ఎర్రటి దారాల్లాంటి పురుగులు మాత్రమే కనపడి, మట్టి నల్లగా ఉండి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తే అడుగున ఆక్సిజన్ ఉండటం లేదని అర్థం. ఆ పురుగులు ఎర్రగా ఉండేది మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హీమోగ్లోబిన్ ఉండటం వల్ల, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ అవి పట్టుకోగలవు, మిగతావి పట్టుకోలేక పోయాయి.

ఇంకో విషయం. తప్పంతా ఎరువుదే అని కూడా అనుకోకు, పైనుంచి ఎవరు ఎవర్ని తింటున్నారనేది కూడా లెక్కే. బొచ్చె ముఖ్యంగా తినేది నాచును కాదు, నాచును తినే నీటి ఈగల్ని. పాట పాడుకున్నాయన బొచ్చె పిల్లల్ని ఎంత దట్టంగా వదిలితే నాచును తినేవాళ్లు అంత తగ్గిపోతారు. గడ్డి చేపను వదిలితే నాచు పోతుందని ఎవరో సలహా ఇచ్చారన్నావు, దయచేసి వద్దు, అది తినేది అడుగు మొక్కల్ని, మనం కాపాడుకోవాల్సిన వాటిని, తిని ఆ భాస్వరాన్ని మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. బంగారు తీగ అడుగు బురదను కెలికి తింటుంది, దానివల్ల మట్టిలో ఉన్నది కూడా పైకి వస్తుంది.

పై మెట్ల ప్రభావం ఎంత ఉంటుందో చూపించిన చెరువు అమెరికాలో ఉంది, సియాటిల్ పక్కన లేక్ వాషింగ్టన్. ఊళ్ల మురుగంతా అందులోకి పోయి నీలి ఆకుపచ్చ నాచుతో నిండిపోతే, 1963 నుంచి 1968 మధ్య ఆ మురుగును మళ్లించారు. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్త ఆ సరస్సును దశాబ్దాల పాటు గమనించాడు. భాస్వరం తగ్గింది, నీళ్లు తేటపడ్డాయి, అక్కడిదాకా అనుకున్నట్టే. కానీ 1976లో నీళ్లు ఎవరూ అనుకోనంతగా ఇంకా తేటగా అయిపోయాయి, కారణం చూస్తే డాఫ్నియా పెద్ద సంఖ్యలో వచ్చింది. అప్పటిదాకా అది ఎందుకు లేదంటే, దాన్ని తినే నియోమైసిస్ అనే చిన్న రొయ్యలాంటి జీవి ఎక్కువగా ఉండేది, దాని వడపోతకు అడ్డంపడే దారపు నాచు ఉండేది. ఒక చిన్న చేప పెరిగి ఆ నియోమైసిస్‌ను తగ్గించేసింది, మురుగు ఆగాక దారపు నాచు కూడా పోయింది, అప్పుడు డాఫ్నియాకు దారి దొరికింది. మురుగు మళ్లించకపోయి ఉంటే మాత్రం ఇది జరిగేది కాదు. మన దగ్గర ఈ పద్ధతి అంత గట్టిగా పనిచేయదని కూడా చెప్పాలి, మన వేడి నీళ్లలో చిన్న చేపలు ఏడాదిలో చాలాకాలం పిల్లలు పెడుతూనే ఉంటాయి, పెద్ద డాఫ్నియాలను బతకనివ్వవు. కాబట్టి కొర్రమేను పిల్లల్ని వదిలేస్తే చెరువు బాగైపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకు, సాయం చేస్తుంది అంతే.

యూరియా తగ్గిస్తే చాలా, డీఏపీ కూడా తగ్గించాలా అని అడిగావు. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226 నంబరు సరస్సును మధ్యలో ఒక పరదాతో రెండుగా విడదీసింది. ఒక సగంలో కర్బనం, నత్రజని వేశారు, రెండో సగంలో వాటికి భాస్వరం కలిపారు. భాస్వరం వేసిన సగం పచ్చగా మారిపోయింది, రెండోది తేటగానే ఉండిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో చూసి, బట్టల సబ్బు పొడుల్లో భాస్వరం మీద చాలా దేశాల్లో జనం ఆలోచన మారింది. అక్కడే 227 నంబరు సరస్సులో 1990 నుంచి నత్రజని వేయడం పూర్తిగా మానేసి భాస్వరం ఒక్కటే వేస్తూ వచ్చారు, అయినా నాచు తగ్గలేదు, ఎందుకంటే నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని గాలిలోని నత్రజనిని తామే పట్టుకుంటాయి. నాన్నగారికి ఇది కొత్త కాదు, వరి మడిలో అజొల్లా వేస్తే యూరియా కలిసొస్తుందంటారు కదా, ఆ నత్రజనిని పట్టేది అజొల్లా ఆకులో కాపురముండే ఇలాంటి జీవే. కాబట్టి మీ చెరువుకు ముందు భాస్వరాన్ని ఆపాలి. నత్రజనిని వదిలేయమని కాదు, అమ్మోనియా సంగతి పైన చెప్పాను, బాగా వేడి దేశాల్లో నత్రజనిదీ పెద్ద పాత్రే. రెండూ తగ్గాలి, మొదలు మాత్రం భాస్వరంతో.

మీ అలుగు నీళ్లు తమ్మిలేరులో కలుస్తాయన్నావు, అంటే చివరికి మా కొల్లేటికే వస్తాయి. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఆ పల్లంలోకి దిగుతాయి, సముద్రానికి పోవడానికి దారి ఉప్పుటేరు ఒక్కటే, అది 60 కిలోమీటర్ల పొడుగు. వచ్చే దారులు చాలా, పోయే దారి ఒకటి అయితే వచ్చిందంతా అక్కడే కూర్చుంటుంది. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత, లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్ల గురించి అందరూ మాట్లాడారు, నీళ్లతోపాటు వచ్చే భాస్వరం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నా చిన్నప్పుడు దోనెలో పోతుంటే తెడ్డుకు అడుగు మొక్కలు చుట్టుకునేవి, ఇప్పుడు చాలాచోట్ల దోనెకు అడ్డం పడేది గుర్రపుడెక్క. ఆ దుప్పటి కింద వెలుగు ఉండదు, ఆక్సిజన్ ఉండదు, మార్పు, కొర్రమేను లాంటివే తట్టుకుంటాయి. కొల్లేటి దగ్గర ఆటపాకలో గూడబాతులు బాగానే ఉన్నాయి కదా అంటారు కొందరు. చుట్టూ ఉన్న చేపల చెరువుల్లో కూడా వాటికి మేత దొరుకుతుంది కాబట్టి వాటిని చూసి సరస్సు ఆరోగ్యం చెప్పలేం.

ఇప్పుడు ఏం చేయాలో. చేయకూడనివి ముందు చెప్తాను. పాచి చంపడానికి మైలుతుత్తం చల్లొద్దు. నాచంతా ఒకేసారి చచ్చి కుళ్లితే మొన్నటి రాత్రి మళ్లీ వస్తుంది, పైగా కణాలు పగిలి లోపలి విషం నీళ్లలోకి వస్తుంది. గుర్రపుడెక్క మీద కలుపు మందు కొట్టి అక్కడే వదిలేయడం కూడా అంతే, అది పీల్చుకున్న భాస్వరం తిరిగి చెరువుకే పోతుంది. దాన్ని లాగి గట్టుకు దూరంగా పోసి కంపోస్టు చేస్తే మాత్రం అది మీకు సాయమే, చెరువులోని భాస్వరాన్ని ఊరికే బయటికి మోసిపెట్టినట్టు.

భాస్వరం ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికి తొలకరి మొదటి రెండు వానలకు గొడుగు పట్టుకుని చెరువు చుట్టూ నడువు. ఎక్కడ ఎర్రటి, మురికి నీళ్లు దిగుతున్నాయో గుర్తుపెట్టుకో. భాస్వరం మట్టి రేణువులను పట్టుకుని ప్రయాణిస్తుంది, కాబట్టి బురద నీళ్లు ఆగితే సగం పని అయినట్టే. ఆ దిగే చోట్ల పది పన్నెండు అడుగుల మేర గడ్డి పెరగనివ్వండి, చిన్న గుంట తవ్వి మట్టి అక్కడే దిగేలా చేయండి. ఊరి మురుగు నేరుగా కలవకుండా ఇంకుడు గుంతలో, లేదా రెల్లు, జమ్ము పెంచిన మడుగులో ఆగి వచ్చేలా చూడండి. పెంటకుప్పలు వాలు మీద ఉంటే జరపండి. పొలాల్లో అయితే డీఏపీ, కాంప్లెక్సు దమ్ములోనే వేయాలి, పైపాటుగా చల్లితే పైరుకు పెద్దగా అందదు, నీళ్లలో కొట్టుకుపోతుంది. ఎరువు వేశాక కొన్ని రోజులు మడి నీళ్లు బయటికి వదలకండి. భూసార పరీక్ష చేయిస్తే భాస్వరం ఇప్పటికే ఎక్కువున్న పొలాలు బయటపడతాయి, అక్కడ తగ్గిస్తే రైతుకు బస్తా డబ్బు మిగులుతుంది, ఇలా చెప్తే ఊళ్లో వింటారు, చెరువు కోసం అంటే అందరూ వినకపోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా నాలుగైదేళ్లు పచ్చదనం పోకపోవచ్చు, అప్పుడు ఊళ్లో నిన్ను తిడతారు, టెన్షన్ పడకు. అడుగు మట్టిలో ఇన్నేళ్లూ దాచుకున్న భాస్వరం ఇనుముతో కట్టుబడి ఉంటుంది, అడుగున ఆక్సిజన్ పోయిన ప్రతిసారీ ఆ కట్టు విడిపోయి కొంత పైకి వస్తుంది. దానికి మన పెద్దలు చేసిన పనే మందు, ఎండాకాలం చెరువు ఎండినప్పుడు పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకోవడం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఇదే చేశారు, తీసిన మట్టిని రైతులు పొలాల్లో వేసుకున్నారు. పొలం నుంచి కొట్టుకొచ్చిన ఎరువు తిరిగి పొలానికి పోయింది. ఒక్క జాగ్రత్త, తీసిన మట్టిని గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకే లోపలికి వస్తుంది. ఇంకోటి, మురుగుతోపాటు ఫ్యాక్టరీ నీళ్లు ఏవైనా కలిసే చెరువైతే మట్టిని పరీక్ష చేయించకుండా పొలంలో వేయొద్దు.

గేదెల గురించి అడిగావు. గట్టున పచ్చటి మీగడ కట్టిన రోజుల్లో అక్కడ తాగనివ్వకండి, పిల్లల్ని ఈతకు పంపకండి. కాచి చల్లారిస్తే పోతుందని అనుకోవద్దు, మైక్రోసిస్టిన్ అనే ఆ విషం మరిగించినా పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీళ్లలో ఇదే కనపడితే దాదాపు నాలుగైదు లక్షల మందిని రెండు మూడు రోజులు ఆ నీళ్లు తాగొద్దన్నారు, కాచినా సరే తాగొద్దన్నారు. తేలిన చేపల్ని కొంతమంది ఇంటికి పట్టుకుపోయారని రాశావు, ఎప్పుడు చచ్చిందో, ఎందుకు చచ్చిందో తెలియని చేపను తినొద్దని గట్టిగా చెప్పు.

ఈ లోపు నువ్వు చేయగలిగిన పని ఒకటి ఉంది, పైసా ఖర్చు లేదు. వారానికోసారి పొద్దున్నే అదే చోట చేతిని మోచేతి వరకు నీళ్లలో పెట్టి అరచేయి కనపడుతోందో లేదో చూసి తేదీతో రాసుకో. ఒక గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుగుకు ఎదురుగా పట్టుకుని, ఎగిరెగిరి కదిలే తెల్లటి చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, అవే నీటి ఈగలు. నీళ్లు తేటపడటానికి ముందే గ్లాసులో వాటి సంఖ్య పెరగడం మొదలవ్వచ్చు. మళ్లీ ముసురు పడితే మూడో రోజు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని వెళ్లి చూడు, చేపలు గుటకలు వేస్తుంటే అక్కడికక్కడ ఇంజను పెట్టి చెరువు నీళ్లనే పైకి తోడి పొడుగ్గా చిమ్మించండి, ఎరువు, మేత ఏమీ వేయకండి. ఇప్పటినుంచి రెండు నెలల రీడింగులు, పళ్లెంలో కడిగిన బురద ఫొటో ఇక్కడే పెట్టు, నత్రజనికి, భాస్వరానికి ఏ ఏ చోట్ల శాంపిల్ తీయాలో అప్పుడు చెప్తాను.